చివరి ఆరు అంకెలు

గౌరీశ్వరి తొమ్మిదితో నిశ్శేషంగా భాగింపబడుతోందని ఆ ఉదయం యంత్రం తేల్చింది.

ఖాదర్ బాషా చేతిలోని టీ గ్లాసు పక్కన పెట్టి, తెర మీది ఆ ఒక్క వాక్యాన్ని మళ్ళీ మళ్ళీ చదివాడు. యంత్రాన్ని కనిపెట్టుకుని ఉండే ఇంజనీరు అతను. ఎంత చెడ్డ వార్తనైనా నవ్వుతూ చెప్పే రకం. ఆ రోజు నవ్వలేదు.

"వారిజ మేడం, ఒకసారి ఇలా వచ్చి కూర్చోండి."

"కూర్చోబెట్టి చెప్పేంత కొంప ఏం మునిగింది?" అంటూ వారిజ నిలబడే తెరవైపు వంగింది. గణితంలో పెద్ద చదువు చదివి, ఏళ్ళ తరబడి ఈ ప్రయోగశాలలోనే సంఖ్యల మధ్య బతుకుతున్న మనిషి. తెర మీది మాట అర్థం కావడానికి ఆమెకు క్షణం కూడా పట్టలేదు. ఒప్పుకోవడానికి మాత్రం చాలాసేపు పట్టింది.

"ఎవరిది?" అంది, పేరు పైనే కనబడుతున్నా.

"అమ్మగారిదే మేడం."

గౌరీశ్వరి వారిజ తల్లి. పోయిన వర్షాకాలంలో కన్నుమూసింది. దసరా వెళ్ళాక మళ్ళీ మాట్లాడడం మొదలుపెట్టింది.

విశాఖలో రుషికొండ దాటాక కొండవాలులో, సముద్రం కనబడేలా ఆ ప్రయోగశాల ఉంది. లోపలున్న యంత్రానికి అఖండం అని పేరు పెట్టారు. పోతున్న మనిషిని అక్కడికి తెచ్చి, కొన్ని నెలలపాటు ఒక కుర్చీలో కూర్చోబెట్టేవారు. కబుర్లు చెప్పించేవారు, నవ్వించేవారు, కోపం తెప్పించేవారు, నిద్రపోనిచ్చేవారు. తలకు తగిలించిన కిరీటంలాంటి పరికరం ఆ మనిషిని మొత్తంగా కొలిచి, ఆఖరికి ఒకే ఒక్క పూర్ణసంఖ్యగా తేల్చేది. లక్ష అంకెల సంఖ్య. అచ్చువేస్తే లావుపాటి పుస్తకం అయ్యేది. ఆ సంఖ్యను అఖండంలో వేస్తే మనిషి మాటగా లేచేది. చూడ్డానికి ఉండదు, ముట్టుకోవడానికి ఉండదు. కానీ పలకరిస్తే పలుకుతుంది, పోట్లాడితే పోట్లాడుతుంది, పాత విషయాలు గుర్తు చేసి ఏడిపిస్తుంది.

దీని వెనకున్న వింతను మొట్టమొదట కనిపెట్టింది ప్రొఫెసర్ జోగారావు. నిండుగా లేచిన మనుషుల సంఖ్యలన్నిటికీ ఒకటే లక్షణం. ఒకటితో, తమతో తప్ప ఇంక దేనితోనూ అవి భాగింపబడవు. అన్నీ ప్రధాన సంఖ్యలే. ఎందుకలా అంటే జోగారావు దగ్గర కూడా జవాబు లేదు. "మనిషంటేనే విడగొట్టలేనిది అనుకోండి, ప్రస్తుతానికి" అనేవాడు.

విడగొట్టగలిగితే ఏమవుతుందో కూడా ఆ ప్రయోగశాల చూసింది. మొదటి రోజుల్లో ఒక పడవ సరంగు సంఖ్యలో ఒక అంకె తప్పు పడి, అది రెండుతో తెగింది. సరంగు లేచాడు. వారం పది రోజులు చక్కగా మాట్లాడాడు. ఆ తర్వాత ఇద్దరయ్యాడు. ఇద్దరూ ఒకలాంటివాళ్ళే, ఇద్దరూ సగం సగం. ఒకే మాట ఒకేసారి రెండు గొంతులతో అనేవాళ్ళు. భార్యను ఎవరు నువ్వని అడిగారు. జోగారావు తన చేత్తోనే వాళ్ళను ఆర్పేసి, ఆ తర్వాత చాన్నాళ్ళు ఎవరితోనూ మాట్లాడలేదు.

ఇప్పుడు గౌరీశ్వరి తొమ్మిదితో తెగుతోంది.

"తాళం వేసేముందు పరీక్ష చేశాం ఖాదర్. నేనే చేశాను. ప్రధాన సంఖ్యే."

"నేనూ పక్కనే ఉన్నాను కదా మేడం. అప్పుడు బాగుంది. ఇప్పుడు బాగోలేదు."

"మరి ఏ అంకె మారిందో చూడు!"

ఖాదర్ ఆమె మొహం వంక చూశాడు. చూడడానికి వీల్లేదని ఆమెకూ తెలుసు.

అది అక్కడి కట్టడి. పూర్తి సంఖ్య ఎవరి చేతిలో పడితే వాళ్ళు ఆ మనిషిని ఎక్కడైనా లేపుకోవచ్చు, ఏమైనా చేసుకోవచ్చు. అందుకని చివరి ఆరు అంకెలు ప్రయోగశాల వాళ్ళకు కూడా తెలియనిచ్చేవారు కాదు. యంత్రం ఆ ఆరింటినీ ఒక చీటీ మీద అచ్చువేసి, అంతకుముందు చేసిన కొలతను చెరిపేసేది. అందరికంటే దగ్గరి మనిషి ఆ చీటీతో ఒక్కరే గదిలోకి వెళ్ళి, ఆరు అంకెలూ నొక్కి, చీటీని ఇనప మూకుడులో కాల్చి బయటికి రావాలి. ప్రయోగశాలలో దాన్ని కొరివి పెట్టడం అనేవారు. ఆ తర్వాత ఆ అంకెలు యంత్రం కడుపులోనే ఉంటాయి. తెగుతోందా, తెగితే దేనితో, ఆ ఒక్క ముక్క మాత్రం అడిగితే చెబుతుంది.

గౌరీశ్వరికి ఆ కొరివి పెట్టింది ఆమె భర్త పైడిరాజు మాస్టారు.

* * *

"యంత్రం లోపం కాదు" అన్నాడు జోగారావు. పొట్టి మనిషి, పెద్ద గొంతు. "ఖాదర్ రెండుసార్లు చూశాడు. లోపల అంకె మారే అవకాశం లేదు. అంటే వేసేటప్పుడే తప్పు పడింది. మొదట్లోనో, మధ్యలోనో కాదు. అవన్నీ మన దగ్గరున్న పుస్తకంతో సరిపోయాయి. చివరి ఆరులోనే ఉంది."

"నాన్న తప్పు నొక్కారంటారా?"

"మీ నాన్నగారు లెక్కల మాస్టారు కదమ్మా. అంకె తప్పు నొక్కుతారా? ఎవరో చెయ్యి పెట్టి ఉండొచ్చు. ఆ రోజు ఆ గదిలోకి ఇంకెవరైనా వెళ్ళారేమో విచారిస్తాను. దొరికితే మాత్రం నిబంధన నిబంధనే. సంఖ్య మీద చెయ్యి వేసినవాళ్ళకి ఆ మనిషితో ఇక జన్మలో మాట ఉండదు. నేనైనా సరే, నువ్వైనా సరే."

"ముందు అమ్మ సంగతి చెప్పండి సార్."

జోగారావు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "సోమవారం కమిటీ కూర్చుంటుంది. ముక్కలవుతున్న మనిషిని నడిపించకూడదని మనమే రాసుకున్నాం. ఈలోగా అసలు అంకెలు దొరికితే మళ్ళీ మొదటినుంచి నిండుగా లేపుతాం. దొరక్కపోతే ఆర్పెయ్యాలి. నేను నీకు అబద్ధం చెప్పను."

వారిజ లేచి, పోయినవాళ్ళతో మాట్లాడే గదిలోకి వెళ్ళింది. చిన్న గది. ఒక పేము కుర్చీ, గోడలో జల్లెడలాంటి స్పీకరు. అంతే.

"అమ్మా."

"ఒలే వారిజా, తల దువ్వుకున్నావేటే?" గోడ లోంచి తల్లి గొంతు. నవ్వుతున్న గొంతు.

"దువ్వుకున్నానమ్మా. ఆమధ్య నువ్వు చెప్పావే, ఆ కాకరకాయ పులుసు సంగతి. బెల్లం ఎప్పుడు వెయ్యాలి?"

మళ్ళీ అదే నవ్వు గొంతు.

"ఒలే వారిజా, తల దువ్వుకున్నావేటే?"

పది రోజులుగా ఇలాగే ఉంది. వయసు మీద పడ్డ అమ్మ మరపు అనుకుంది వారిజ. చచ్చిపోయిన మనిషికి వయసేమిటని అనుకోలేదు. సంఖ్య తొమ్మిది సమాన భాగాలుగా విడిపోతోంది. అంటే తొమ్మిదో వంతు గౌరీశ్వరి ఒక్కతే మిగిలి, అదే మనిషి తొమ్మిదిసార్లు వస్తూ ఉంటుంది. మార్కెట్లో బీరకాయల వాడితో అరగంట బేరమాడి, చివరికి వాడికే ఇంట్లోంచి మజ్జిగ తెచ్చిచ్చే అమ్మ లేదు. పీహెచ్‌డీ పట్టా చూపిస్తే, "దీనికి ఫ్రేము కట్టించడానికి ఎంతవుతుందో కనుక్కో" అన్న అమ్మ లేదు. తల దువ్వమనే అమ్మ ఒక్కతే ఉంది.

వారిజకు దువ్వించుకోవాలనిపించింది. నలభై దగ్గరపడుతున్న ఆడది, ఆ పేము కుర్చీలో, గోడకు వీపు తిప్పి కూర్చుంది.

* * *

ఇంటికి వచ్చేసరికి పైడిరాజు మాస్టారు వంటింట్లో చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నాడు. భార్య పోయాక వంట ఆయన చేతికొచ్చింది. వచ్చిన దగ్గర్నుంచి దానిమీద ప్రయోగాలు చేస్తున్నాడు.

"రామ్మా. ఏం, మీ డబ్బా ఈవేళ తొందరగా వదిలిపెట్టింది? చిక్కుడుకాయలో కొబ్బరి వెయ్యనా, నువ్వులపొడి వెయ్యనా? రెండూ వేశాననుకో, సాయంత్రం మీ అమ్మకి చెప్పి తిట్లు తినొచ్చు."

ప్రతి సాయంత్రం ఆయన రెండు బస్సులు మారి ప్రయోగశాలకు వచ్చి, ఆ పేము కుర్చీలో కూర్చుని, పేపర్లోని కూరగాయల ధరలు గౌరీశ్వరికి చదివి వినిపించేవాడు. ఆమె ప్రతి ధరకూ ఆశ్చర్యపోయేది. ఈ మధ్య ఆశ్చర్యపోవడం లేదని ఆయన గమనించాడో లేదో వారిజకు తెలియదు.

"నాన్నా, అమ్మ సంఖ్య తెగుతోంది."

ఆయన చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. "దేనితో?"

"తొమ్మిదితో."

పైడిరాజు మాస్టారు ఈనె తీసిన కాయను తీయని కాయల్లో వేశాడు. మళ్ళీ దాన్నే తీసి చూశాడు.

"తొమ్మిదితోనా" అన్నాడు.

"సోమవారం లోపు అసలు అంకెలు కావాలి. లేకపోతే అమ్మని ఆర్పేస్తారు. చీటీలో ఏమున్నాయో గుర్తు తెచ్చుకో నాన్నా. ఒక్కటైనా."

"నాకేం గుర్తుంటాయమ్మా? చీటీ చూశాను, నొక్కాను, కాల్చాను. కళ్ళనిండా నీళ్ళు. అంకెలు చూసే స్థితిలో ఉన్నానా?"

వారిజ నమ్మింది. తన దగ్గర చదివిన పిల్లల హాజరు నంబర్లు ఈనాటికీ తడుముకోకుండా చెప్పగల మనిషి ఆయన. ఆ సంగతి ఆ క్షణాన ఆమెకు తట్టలేదు. ఆయన మొహం అంత పాలిపోయి ఉంది.

ఆ సాయంత్రం కూడా పైడిరాజు మాస్టారు పేపరు చంకలో పెట్టుకుని ప్రయోగశాలకు బయల్దేరాడు. "అరముక్క మనిషైనా మనిషే కదమ్మా" అన్నాడు గుమ్మం దిగుతూ.

* * *

వారిజ జోగారావు చేత ప్రత్యేక అనుమతి మీద సంతకం పెట్టించింది. పుస్తకంలో ఉన్న అంకెలన్నీ అలాగే ఉంచి, చివరి ఆరు స్థానాల్లో ఏ అంకెలు వేస్తే ప్రధాన సంఖ్య అవుతుందో వెతకమని అఖండానికి పని అప్పజెప్పారు. వెయ్యదగిన అంకెల కూర్పులు పది లక్షలు. అంత పెద్ద సంఖ్యల్లో ప్రధాన సంఖ్యలు చాలా అరుదు. ఒక్కటే దొరుకుతుందని ఆమె ఆశ. దొరికిందా, అదే అమ్మ.

ఆదివారం మధ్యాహ్నానికి ఖాదర్ ఫోన్ చేశాడు. "దొరికాయి మేడం."

"దొరికాయంటే?"

"నాలుగు."

నాలుగు సంఖ్యలు. నాలుగూ తెగనివి. మొదటినుంచి చివరిదాకా ఒకేలా వచ్చి, ఆ చివరి ఆరు అంకెల్లోనే తేడా. వాటిలో ఒకటి గౌరీశ్వరి. మిగతా మూడూ ఎన్నడూ పుట్టని మనుషులు.

"లేపి చూద్దాం సార్" అంది వారిజ. "నాలుగింటినీ లేపుదాం. నేను మాట్లాడతాను. మా అమ్మని నేను పోల్చుకోలేనా?"

జోగారావు తల అడ్డంగా ఊపాడు. "పోల్చుకుంటావు. నలుగుర్నీ పోల్చుకుంటావు. అదే ప్రమాదం. నలుగురూ నిన్ను పేరుపెట్టి పిలుస్తారు. నలుగురికీ నీ చిన్నప్పటి ముద్దుమాటలు తెలుస్తాయి. ఎక్కడో ఒకచోట, నువ్వు ఎప్పటికీ అడగని చోట, తేడా ఉంటుంది. ఒకావిడ ఎవరినో క్షమించి ఉంటుంది, ఇంకొకావిడ క్షమించి ఉండదు. అది మీ అమ్మకి మాత్రమే తెలిసే విషయమై ఉంటుంది. సరే, ఒకరిని ఎంచుకున్నావనుకో. మిగతా ముగ్గుర్నీ ఏం చేస్తావ్? వాళ్ళూ నిండు మనుషులేగా. ఆర్పేస్తావా? 'నువ్వు మా అమ్మవి కాదు, పో' అని చెప్పి ఆర్పుతావా?"

ఖాదర్ కిటికీ వైపు తిరిగాడు.

"ఆ ఆరు అంకెలు చూసిన కళ్ళు ఒక్కరివే" అన్నాడు జోగారావు నెమ్మదిగా. "ఆయనకి గుర్తు లేదంటున్నారు."

* * *

చివరిసారి మాట్లాడదామని వారిజ ఆ గదిలో కూర్చుంది. బయట ఎండ చురుక్కుమంటోంది, దూరంగా సముద్రం మెరుస్తోంది.

తల దువ్వమనే అమ్మ కూడా ఇప్పుడు లేదు. సంఖ్య ఇంకా కిందికి తెగి, ఒకే ఒక్క ఉదయం మిగిలింది.

"ఏమండీ, నేను ఎదురు రాను లెండి. నాది ఎనిమిది కదా. మీరు నిమ్మకాయ తొక్కించి తీసుకెళ్ళండి."

పడుచు గొంతు. ఆ వెనకే చిన్న నవ్వు. మళ్ళీ అదే.

"ఏమండీ, నేను ఎదురు రాను లెండి. నాది ఎనిమిది కదా..."

ముందు ఆ మాటలు వారిజకు అంతు చిక్కలేదు. నిమ్మకాయ అన్నచోట చిక్కింది. కొత్త బండి చక్రాల కింద పెట్టే నిమ్మకాయ. నాన్న కొన్న మొదటి స్కూటరై ఉంటుంది. ఇంటి ముందు పూజ, బామ్మ హడావుడి. అమ్మ మాత్రం తలుపు వెనకే ఉండిపోయి ఉంటుంది. అప్పటికి వారిజ పుట్టలేదు. ఆ కథ ఎవరూ చెప్పలేదు కూడా. కానీ ఎనిమిది సంగతి ఆమెకు తెలుసు. అమ్మ పుట్టిన తేదీ పదిహేడు. ఒకటీ ఏడూ కలిపితే ఎనిమిది. శని అంకె. బామ్మ బతికున్నన్నాళ్ళూ ఇంట్లో ఏ పని చెడినా ఆ ఎనిమిది మీదికే పోయేది. వారిజ పరీక్షకు వెళ్తున్నా అమ్మ ఎదురొచ్చేది కాదు. పెరటి గుమ్మంలోంచి చెయ్యి ఊపేది.

ఈ ఊళ్ళో ఎవరు బండి కొన్నా నంబరు కూడి చూస్తారు. తొమ్మిది వచ్చే నంబరు కోసం పైరవీలు చేస్తారు. ఎనిమిది వస్తే దణ్ణం పెట్టి వదిలేస్తారు.

తొమ్మిది.

వారిజ కుర్చీలోంచి లేచింది. అంకెలన్నీ కూడితే తొమ్మిది వచ్చే సంఖ్య తొమ్మిదితో భాగింపబడి తీరుతుంది. ఆ సూత్రం ఏ పుస్తకంలోంచీ ఆమె నేర్చుకోలేదు. అరుగు మీద సుద్దముక్కతో రాసి నేర్పింది నాన్నే. యంత్రం పాడైతే ఏడుతో తెగొచ్చు, పదమూడుతో తెగొచ్చు, ఎవరికీ తెలియని ఏ పెద్ద సంఖ్యతోనో తెగొచ్చు. సరిగ్గా తొమ్మిదితో తెగింది. ఇది యంత్రం చేసిన పని కాదు. దొంగ చేసిన పని కూడా కాదు. దొంగకు గౌరీశ్వరి ఎనిమిదైతేనేం, తొమ్మిదైతేనేం?

తలుపు తీసేసరికి వసారాలో పైడిరాజు మాస్టారు నిలబడి ఉన్నాడు. చంకలో పేపరు. లోపలి మాట బయటికి వినబడుతూనే ఉంది. "నాది ఎనిమిది కదా..."

కూతురి మొహం చూసి ఆయనకు అర్థమైపోయింది.

"ఎన్నాళ్ళనుంచి ఇదే వింటున్నావ్ నాన్నా?"

"గురువారం నుంచి."

"రోజూ వచ్చి ఇదే వింటున్నావా?"

ఆయన తల ఊపాడు. పేపరు ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకున్నాడు. "వినడానికి వేరే ఏం మిగిలిందమ్మా?"

"చెప్పేస్తే నిన్ను మళ్ళీ ఈ గదిలోకి రానివ్వరు. తెలుసుగా?" అంది వారిజ. అలా అని ఉండకూడదేమో. కానీ ఆయనకు తెలియకుండా ఆ మాట ఆయన నోట పలికించడం ఆమె వల్ల కాలేదు.

"తెలుసు. తెలిసే కదా ఇన్నాళ్ళూ దాచాను." ఆయన తలుపు దాకా వెళ్ళి, ఆ మాట ఇంకొక్కసారి పూర్తిగా విన్నాడు. చివరి నవ్వు దాకా విన్నాడు. "మీ జోగారావు గారిని పిలు. రికార్డు చేసుకోవాలంటారు కదా, చేసుకోమను."

జోగారావు వచ్చాడు. ఖాదర్ మైకు తెచ్చి బల్ల మీద పెట్టాడు. మాస్టారు కూర్చోలేదు. బోర్డు ముందు నిలబడ్డట్టు నిలబడి మొదలుపెట్టాడు.

"నా పేరు వంజరాపు పైడిరాజు. లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యాను. నన్నెవరూ బలవంతపెట్టలేదు. ఇలా మొదలుపెడితే సరిపోతుందాండీ? సరే.

గౌరి పోయాక మీరు నాకొక పుస్తకం ఇచ్చారు, చివరి ఆరు అంకెలు లేని పుస్తకం. అందరూ దాన్ని దేవుడి గదిలో పెట్టుకుంటారట. నేను చదివాను. ఒక్కో అంకె కూడుతూ, తొమ్మిది దాటినప్పుడల్లా తొమ్మిది తీసేస్తూ, పేజీ తర్వాత పేజీ. ఎందుకంటే ఏం చెప్పను, నాకు పొద్దుపోలేదు. కూడుతూ ఉంటే ఆవిడ పక్కన కూర్చుని ఏదో గొణుగుతున్నట్టుండేది. మధ్యలో తప్పు పోతే మళ్ళీ మొదటికి వచ్చేవాణ్ణి. తప్పు పోయినందుకు సంతోషంగా కూడా ఉండేది, ఇంకొన్నాళ్ళు గడుస్తాయి కదా అని.

మీరు చీటీ చేతికిచ్చి తలుపు వేశారు. నా దగ్గరున్న మొత్తానికి ఆ ఆరు అంకెలూ కలిపాను. ఎనిమిది వచ్చింది.

మా అమ్మ పెళ్ళైన కొత్తలోనే లెక్క కట్టింది, కోడలిది ఎనిమిది అని. నాకు దూరం బదిలీ అయితే ఎనిమిది. గేదె ఎండిపోతే ఎనిమిది. మొదటి బిడ్డ దక్కకపోతే, అదీ ఎనిమిదే. నేను లెక్కల మాస్టారిని. ఇదంతా వట్టిదమ్మా అని మా అమ్మతో ఒక్కసారి అనలేదు. స్కూటరు కొన్న రోజున గౌరి తలుపు వెనక నిలబడి ఆ మాట అంది, మీరంతా విన్నారు. నేను నిమ్మకాయ తొక్కించుకుని వెళ్ళిపోయాను. వెనక్కి తిరిగి చూడలేదు. నవ్వుతూనే అంది కదా, బాధలేదు కాబోలనుకున్నాను.

అంత మనిషీ పోయింది. లక్ష అంకెలై తిరిగొస్తోంది. అప్పుడు కూడా ఎనిమిదేనా అనిపించింది. పదివేల స్థానంలో ఆరు ఉంది. నేను ఏడు నొక్కాను. తొమ్మిది చేశాను. నేను ఆవిడకి చేసిన మంచిపని అదొక్కటే అనుకున్నాను. చీటీ కాలుస్తుంటే మనసు తేలిగ్గా ఉంది.

తొమ్మిది వస్తే తొమ్మిదితో పోతుందని తెలీదా అంటారు. తెలుసండీ. నౌకరీ ఉన్నన్నాళ్ళూ ఏటా బోర్డు మీద రాశాను. బోర్డు మీది తొమ్మిది వేరు, బండి మీది తొమ్మిది వేరు అనుకుని బతికాను నేను. ఆ రెండూ ఒకటేనని ఆ గదిలో నాకు తట్టలేదు. వారిజ ఇంటికొచ్చి 'తొమ్మిదితో' అన్నాక తట్టింది. అప్పుడే చెప్పాల్సింది. చెబితే ఆవిడ గొంతు మళ్ళీ వినబడదు. ఒక్క ముక్కైనా మిగలకపోతుందా, అది నాకు చాలదా అనుకున్నాను. మిగిలిన ముక్క ఏదో మీరు విన్నారు. నాకు తగిన ముక్కే మిగిలింది.

మీకు దొరికిన నాలుగింటిలో పదివేల స్థానంలో ఆరు ఉన్నదేదో చూడండి. అదే గౌరి. ఎనిమిదే రానివ్వండి. ఆవిడ ఎనిమిదే. ఎనిమిదితోనే నాతో కాపురం చేసింది, ఎనిమిదితోనే నిన్ను పెంచింది వారిజా.

మీ అమ్మ లేవగానే నేనేడని అడుగుతుంది. ఊరెళ్ళానని చెప్పకు. నీ మొగుడు నిన్ను తొమ్మిది చెయ్యబోయి ముక్కలు చేశాడని ఉన్నదున్నట్టు చెప్పెయ్. తిడుతుంది. ఇన్నేళ్ళూ తిట్టకుండా దాచుకున్నదంతా తిడుతుంది. నువ్వు తొందరపడకు, కూర్చుని విను. సాయంత్రం ఇంటికొచ్చాక ఏమేం అందో నాకు చెప్పు తల్లీ. ఒక్క మాట కూడా వదిలిపెట్టకుండా చెప్పు."